మేనమామ రాసిన ప్రణాళిక

అమరేందర్ వచ్చి కూర్చుని చాలాసేపయింది. ఇంట్లో ఎవరూ ఆయనకు మంచినీళ్లు ఇవ్వలేదు.

అలంపూర్‌లో అక్క ఇంటికి ఆయన వచ్చిన ఏ రోజూ ఇలా జరగలేదు. కారు వీధి మలుపు తిరగగానే నర్సింగమ్మ చెంబు పట్టుకుని వాకిట్లోకి ఎదురొచ్చేది. ఇవాళ ఆమె వంటింటి గడప మీద, గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో బియ్యం ఉన్నాయి. చేతులు మాత్రం కదలడం లేదు.

ఆ అక్కాతమ్ముళ్ల మధ్య నర్సింగమ్మ కోడలు స్వరూప నిలబడి ఉంది. మొన్నటి నుంచి ఫోను ఆమె చేతిని వదల్లేదు. స్నానానికి పోయినప్పుడు కూడా గూట్లో పెట్టుకుని, చెంబు చెంబుకూ దాని వంక చూసింది. ఆమె భర్త ఎల్లేష్ మొన్న సాయంత్రం చేసిందే ఆఖరి ఫోను. "క్యాంపు కాడికి మంది వస్తున్నరు. మల్ల చేస్త," అన్నాడు. మళ్లీ చేయలేదు.

ఎల్లేష్ తాపీ మేస్త్రీ. సముద్రం మధ్యలో ఉన్న ఓ చిన్న దేశానికి పనికి పోయి, అక్కడి కూలీల క్యాంపులో ఉంటున్నాడు. ఆ దేశం పేరు పలకడానికి నర్సింగమ్మకు నోరు తిరగదు. అందుకని ఇంట్లో అందరూ దీవి అనే అంటారు. అమరేందర్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. హైదరాబాదులో అర్థశాస్త్రం పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు. నిరుడు అదే దీవి ప్రభుత్వం ఆయన్ను సలహాదారుగా పిలిపించుకుంది. పరాయి దేశంలో కొడుక్కి మేనమామ తోడు దొరికాడని నర్సింగమ్మ పొంగిపోయి, జోగులాంబ గుడికి పోయి ఒడిబియ్యం పోసి వచ్చింది.

ఈ తెల్లవారుజామున జానీ వచ్చేదాకా ఆమె అదే ధీమాలో ఉంది.

జానీది గద్వాల. దీవిలో ఎల్లేష్‌తో ఒకే గదిలో ఉన్నవాడు, అతని పెళ్లిలో అమరేందర్‌ను చూసినవాడు. అక్కడి ప్రభుత్వం విమానమెక్కించి వెనక్కి పంపిన మొదటి గుంపులో వచ్చాడు. ఒక కాలికి చెప్పు ఉంది. ఇంకో కాలికి గుడ్డ చుట్టి ఉంది. సొంత ఇంటికి పోకముందే ఇక్కడికి వచ్చి, వాకిట్లో నిలబడే అంతా చెప్పాడు. దీవి పోరగాళ్లు గుంపులు గుంపులుగా క్యాంపు మీదికి వచ్చారని, రేకుల గదులు అంటుకున్నాయని, లోపల ఉన్నవాళ్లు తలోదిక్కు ఉరికారని. విమానాశ్రయంలో అందరి ముఖాలూ వెతికాడట. ఎల్లేష్ కనబడలేదట.

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. ఇంట్లోవాళ్లకు తెలిసే ఉంటుందనుకుని అన్నాడు. దీవి కొలువులు దీవి పిల్లలకే అని మంత్రి టీవీలో ప్రణాళిక చదివినప్పుడు, పక్క కుర్చీలో కూర్చున్నది మీ తమ్ముడేనమ్మా అని.

అప్పుడు స్వరూపే అమరేందర్‌కు ఫోను చేసింది. సెలవు మీద వచ్చి హైదరాబాదులోనే ఉన్న ఆయన వెంటనే బయల్దేరి వచ్చాడు.

"నువ్వే రాసినవా తమ్మీ?" నర్సింగమ్మ అడిగింది. ఇంతసేపటికి అదే మొదటి మాట.

"రాసిన అక్కా."

"నా కొడుకును ఎల్లగొట్టుమని రాసినవా?"

అమరేందర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తను అలా రాయలేదన్నాడు. అది ఏళ్ల మీద నడవాల్సిన ప్రణాళిక. మొదట పని నేర్పే బడులు పెట్టాలి. బయటినుంచి వచ్చిన ప్రతి మేస్త్రీ అక్కడి పిల్లలకు పని నేర్పాలి. నేర్పినందుకు వేరే జీతం ఇవ్వాలి. ఆ పిల్లల చేతులు తిరిగాక, ఒప్పందం ముగిసినవాళ్లను మర్యాదగా వాళ్ల ఊళ్లకు సాగనంపాలి. కానీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. బడులు కట్టే ఓపిక మంత్రులకు లేకపోయింది. చిట్టచివర చేయాల్సిన పనిని మొట్టమొదట చేశారు. బయటివాళ్లు పోవాల్సిందేనని టీవీలో చెప్పేసరికి, వీధిలో ఉన్న పిల్లలు దాన్నే ఆజ్ఞ అనుకున్నారు.

తరగతిలో చెప్పినట్టు చెప్పాలని చూశాడు.

"ఆ పోరగాళ్లను నువ్వు సూడలేదక్కా," అన్నాడు. అక్క ముందు కూర్చుంటే ఆయనకు ఊరి మాటే వస్తుంది. "సదువుకున్నోళ్లు. పొద్దుందాక రేవు గోడ మీద వరసగ కూసుంటరు. వాళ్ల ఊరి బడిని వాళ్ల కండ్ల ముంగట బయటోళ్లు కడ్తుంటే సూస్తుంటరు. మన కొలువులు మనకే గావాలె అని మనం కొట్లాడలేదా? ఎల్లేషు పట్టాల మీద కూసుని రైలు ఆపలేదా?"

నర్సింగమ్మ చాటను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

"కూసున్నడు. నేను గూడ కూసున్న. మనం ఎవని గుడిసె కాలవెట్టినం?"

అమరేందర్ తల తిప్పి వాకిలి వైపు చూశాడు.

గోడవారగా నిలబడిన వెంకటయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఎల్లేష్ తండ్రి. చేనులో కూలీలు ఉన్నారని, పువ్వు మధ్యాహ్నం దాకా ఆగదని, తాను పోతున్నానని మెల్లగా చెప్పాడు. కొడుకు యాడున్నడో తెల్వకుంటే పత్తి పువ్వు ముఖ్యమా అని నర్సింగమ్మ అంటుందని స్వరూప ఎదురుచూసింది. ఆమె అనలేదు. అనకపోవడమే స్వరూపను భయపెట్టింది. కోపం కూడా అడుగంటిపోయినట్టుంది ఆ ముఖం.

వెంకటయ్య చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయాక నర్సింగమ్మ మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది.

"ఒక్క పూటల చుట్టి రావచ్చు, గంత చిన్న దేశమని నువ్వే చెప్పినవ్. గా దేశంల నా కొడుకు ఉన్న జాగకు ఒక్కనాడన్న పోయినవా?"

"పోలే."

"ఎందుకు పోలే?"

అమరేందర్ నోరు తెరిచి మూశాడు. చెప్పడానికి ఏమీ లేక ఆగిపోయినట్టు లేదు. ఏదో ఉంది. దాన్ని నాలుక మీదిదాకా తెచ్చి మింగేశాడు. అది స్వరూప చూసింది.

*

చేనుకు సద్ది తీసుకుపోవాల్సింది నర్సింగమ్మ. ఆమె గడప మీంచి లేవలేదు. స్వరూపే గిన్నెలు గంపలో సర్దుకుని బయల్దేరింది.

ఇల్లు దాటి నాలుగడుగులు వేసేసరికి ఊపిరి ఆడింది. వెంటనే సిగ్గేసింది. ఆయన అక్కడ ఏ గతిన ఉన్నాడో తెలియదు, నాకు ఊపిరాడుతోంది అనుకుంది.

వాళ్లది విత్తనాల పత్తి. ఈ దినాల్లో మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు ఒక్కొక్కదానికీ చేత్తో రాయాలి. ఒక్క పూట ఆగినా ఆనాటి పువ్వులన్నీ వాడి రాలిపోతాయి. కూలి ఆడవాళ్లు సాళ్లలో వంగి పనిచేస్తున్నారు. స్వరూపను చూడగానే మాటలు ఆపేశారు. జానీ వచ్చిన సంగతి ఊరంతా పాకినట్టే ఉంది. ఒక్క బీరమ్మ మాత్రం దగ్గరికి వచ్చి, ఏమన్న తెలిసిందా బిడ్డా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తల నిమిరి పోయింది.

స్వరూప గంప దించి తనూ ఒక సాలులో దిగింది. చేతులకు పని ఉంటే తల కాస్త మెదలకుండా ఉంటుందనుకుంది. కానీ పసుపుపచ్చటి పువ్వు తెంపిన ప్రతిసారీ జానీ కాలికి చుట్టిన గుడ్డే కళ్లముందు ఆడింది. ఆ గుడ్డ మీద ఎండిన మరక. జానీ ఉరికాడు. ఉరికినవాడికి ఒక చెప్పు పోయింది. మరి ఈయన ఉరికాడా? ఎటు ఉరికాడు? చుట్టూ నీళ్లే ఉన్న జాగలో మనిషి ఎంతదూరం ఉరకగలడు?

ఫోను మోగింది.

తెర మీద పొడుగ్గా ఏదో తెలియని నంబరు. వేళ్లకు అంటిన పుప్పొడితో నొక్కితే మొదటిసారి తెర పలకలేదు. చీరకు తుడుచుకుని మళ్లీ నొక్కింది.

"స్వరూపా. నేనే. మెల్లగ మాట్లాడు."

ఆమె అక్కడే సాలులో కూలబడింది. ఉన్నవా, ఉన్నవా అని అతను రెండుమూడుసార్లు అడిగాక, ఉన్నా అంది.

దెబ్బలేం తగలలేదన్నాడు. డారెల్ ఇంట్లో ఉన్నానన్నాడు.

డారెల్ పేరు ఆమెకు తెలుసు. దీవి పిల్లవాడు. ఎల్లేష్ దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. మొదటిరోజు తాపీని అన్నం గరిటె పట్టినట్టు పట్టుకున్నాడని ఎల్లేష్ ఫోనులో చెప్పి నవ్వించాడు ఒకసారి. మొన్న క్యాంపు అంటుకున్నప్పుడు ఆ పిల్లవాడే సందుల్లోంచి వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, తన ఇంట్లో దాచాడట. ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే ఉందట. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఈయన్ను మంచం వెనక కూర్చోబెట్టిందట. ఫోను ఆమెదేనట.

"గుంపులు ఇల్లిల్లు తిరుగుతున్నయ్," అన్నాడు ఎల్లేష్. "బయటోళ్లను దాచినరా అని అడుగుతున్నరు. పొద్దుగాల ఈడికి గూడ వచ్చిన్రు. డారెల్ వాకిట్ల నిలవడి లేరన్నడు. నేను పోతేనే వానికి నౌకరి వస్తది స్వరూపా. ఆ సంగతి వానికి ఎరికే. అయినా లేరన్నడు."

అవతల ఎక్కడో కుక్క మొరిగింది. ఆ కుక్క మొరుగు ఆగేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

మామ ఇక్కడికి వచ్చాడని స్వరూప చెప్పింది. ఆ ప్రణాళిక మామే రాశాడని నీకు తెలుసా అని అడిగింది.

"ఎరికే."

"మరి మాకు చెప్పలేదేంది?"

మామ ఒకసారి తనను సముద్రం ఒడ్డున కలిశాడన్నాడు ఎల్లేష్. సలహాదారుడి అక్క కొడుకు కూలీల్లో ఉన్నాడని తెలిస్తే, ఆయన ఏం రాసినా తనవాళ్ల కోసమే రాశాడంటారని, చుట్టరికం ఎవరికీ చెప్పొద్దని అడిగాడట. సరేనని తాను మాట ఇచ్చాడట.

"ఆయన చెప్పింది నాకు మంచిగనే అనిపిచ్చింది. ఆ పోరగాళ్లను నేను రోజు సూస్తున్న కద." గొంతు ఇంకా తగ్గించాడు. "ఇప్పుడు గూడ మామకు చెప్పకు. ఆయన పేరు బయటవడ్తే పని ఖరాబైతది. మా కొలువులు ఇప్పిస్తనని చెప్పి, తనోణ్ని మా నడుమనే దాచుకున్నడంటరు. ఈ ఇంటికి నిప్పు వెడ్తరు. డారెల్‌నూ వాళ్లమ్మనూ ఇడువరు. జర రెండొద్దులు ఓపిక పట్టు. సల్లవడ్డంక వీళ్లే నన్ను విమానాశ్రయం కాడికి చేరుస్తమన్నరు. ఆడ మన దేశపు ఆఫీసర్లు ఉన్నరంట, అండ్ల తెలుగోళ్లు గూడ ఉన్నరంట."

ఆ ఇల్లు ఎక్కడని ఆమె అడిగింది. ఎందుకు అడిగిందో ఆ క్షణాన ఆమెకూ తెలియదు. చర్చి వెనక సందు, నీలం తలుపు అన్నాడు అతను.

అంతలో అవతల ఎవరో తలుపు కొట్టారు. మెల్లగా కాదు. అరచేతితో బాదినట్టు.

ఫోను కట్టయిపోయింది.

*

గంప చేనులోనే వదిలేసి స్వరూప ఇంటికి ఉరికింది. దారిలో ఎవరో పిలిచారు, పలకలేదు. వెనక నుంచి వెంకటయ్య కూడా వస్తున్నాడని ఇంటి ముందుకు చేరాకే చూసింది.

దారంతా ఆమెను రెండు మాటలు చెరో చెయ్యి పట్టి లాగాయి. చెప్పకు అన్న మొగుడి మాట. ఆ తలుపు చప్పుడు. గడప దాటేసరికి తలుపు చప్పుడే గెలిచింది. మొత్తం చెప్పేసింది. మంచం వెనక కూర్చోవడం, దుప్పట్లు, గుంపులు, సముద్రం ఒడ్డున మాట తీసుకోవడం, ఏదీ దాచలేదు.

నర్సింగమ్మ తమ్ముణ్ని చూసింది.

"గదేనా నువ్వు మింగిన మాట," అంది.

అమరేందర్ తల దించుకున్నాడు. దీవి హోం శాఖలో తనకు తెలిసిన పెద్ద అధికారి ఒకాయన ఉన్నాడని, ఒక్క ఫోను చేస్తే పోలీసుల బండి పంపించగలడని చెప్పాడు. చేయడానికి తనకేమీ అడ్డం లేదన్నాడు. కానీ ఎల్లేష్ చెప్పింది కూడా అబద్ధం కాదన్నాడు. ఆ శాఖలో ఎవరు ఎటువైపు ఉన్నారో తనకు తెలియదు. ఒక్కరు నోరు జారినా గంటలో ఊరంతా పాకుతుంది.

"నా పని పోతదని కాదు స్వరూపా. అది ఎట్లనో పోయింది. ఆ పిల్లలకు బడులు కూడా ఇగ రావు, ఆ బెంగ ఉంది నాకు, అబద్ధం చెప్పను. కానీ నా భయం అది కాదు. ఇప్పుడు వాడు ఎవడో ఎవరికీ తెలువది. కూలీలల్ల ఒకడు. నేను ఫోను చేసిన్నంటే వానికి నా పేరు అంటుకుంటది."

"వాడే అన్నడు గద," అన్నాడు వెంకటయ్య వాకిట్లోంచి. "రెండొద్దులు ఆగుమని. ఆడున్నోనికి ఎరికైనంత ఈడున్న మనకు ఎరికనా?"

"తలుపు కొట్టిన్రంటుంది పిల్ల. ఆగి ఏం సూడాలె?" అంది నర్సింగమ్మ.

వాళ్లు ఇంకా అనుకున్నారు. ఎప్పుడూ భార్యకు ఎదురు చెప్పని వెంకటయ్య ఇవాళ చెప్పాడు. గొంతులు లేచాయి, తగ్గాయి. చివరికి ఇద్దరూ అలసిపోయి ఊరుకున్నారు. పక్కింటి టీవీలో ఎవరో పాట పాడుతున్నారు.

నర్సింగమ్మ లేచి వచ్చి కోడలి ముందు నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి, ఏ చీర కట్టాలో కూడా ఆమే చెప్పేది. ఇవాళ కోడలి ముఖంలోకి చూసి, నీ పెనిమిటి, నువ్వే చెప్పు అంది.

ఆగితే ఆ అరచెయ్యి మళ్లీ తలుపు బాదుతుంది. ఆగకపోతే ఎవరి చెయ్యి బాదుతుందో తెలియదు. ఎటు చూసినా స్వరూపకు ఒక తలుపే కనిపించింది. నీలం తలుపు. తాను ఎన్నడూ చూడనిది.

"ఫోన్ చెయ్యి చిన్నాయనా," అంది.

*

అమరేందర్ నిలబడి మాట్లాడాడు. ఇంగ్లిషులో. స్వరూప ఇంటర్ దాకా చదివింది. అన్నీ అందలేదు గానీ, నెఫ్యూ, అంటే మేనల్లుడు అన్న మాట అందింది. ఆ మాట ఆయన రెండుసార్లు అన్నాడు. మొదటిసారి మామూలుగా. రెండోసారి అవతలివాళ్లు ఆశ్చర్యపోయి మళ్లీ అడిగినట్టున్నారు, గట్టిగా. తర్వాత చర్చి అన్నాడు, నీలం తలుపు అన్నాడు.

ఒకే ఒక బండి వస్తుందని, యూనిఫాంలో ఉన్న పోలీసులు ఉంటారని, నేరుగా విమానాశ్రయానికి తీసుకుపోతారని చెప్పాడు ఫోను పెట్టేశాక. కుర్చీ దాకా పోకుండా అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ఎల్లేష్‌కు ఈ సంగతి చెప్పాలని స్వరూప ఆ పొడుగు నంబరుకు చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. దీవి భాషలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి ఆగిపోయింది. నర్సింగమ్మ దేవుడి గూటి ముందు నిలబడి ఉంది గానీ పెదాలు కదలడం లేదు. వెంకటయ్య వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తన మాట కాదన్నారని ఆయన ముఖంలో కోపమేం లేదు. తన మాటే తప్పయితే బాగుండునని కోరుకుంటున్నవాడిలా ఉన్నాడు.

ఎండ గోడ దిగి వాకిట్లోకి జారింది.

ఫోను మోగింది. అదే నంబరు.

"మామకు చెప్పినవా?" ఎల్లేష్ గొంతు. హలో కూడా అనలేదు.

"చెప్పిన. పోలీసోళ్లు వస్తరు. నిన్ను విమానాశ్రయం కాడ దించుతరు. ఒక బండి..."

"మూడు వచ్చినయ్."

స్వరూప ఫోను చెవికి దూరంగా తీసి, అందరికీ వినబడేలా పెట్టింది. నర్సింగమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

దుప్పటి సందులోంచి చూస్తున్నానన్నాడు ఎల్లేష్. మూడు బండ్లు సందు మొదట్లో ఆగాయి. దిగినవాళ్లు మామూలు బట్టల్లో ఉన్నారు. అరవడం లేదు. పొద్దున వచ్చిన గుంపు లాగా లేరు. అందుకే ఏమీ తోచడం లేదన్నాడు. ఇందాక తలుపు బాదింది గుంపువాళ్లేనని, డారెల్ మళ్లీ పంపించేశాడని, అప్పుడు ఇంత భయం వేయలేదని అన్నాడు.

"మామా, ఉన్నవా? వీళ్లు నా పేరు అడుగుతలేరు. సలహాదారు మేనల్లుడు ఎవడు అని అడుగుతున్నరు."

అమరేందర్ లేచి ఫోను దగ్గరికి వచ్చాడు.

"నేనే గట్ల చెప్పిన," అన్నాడు. "పోలీసోళ్లయితే గట్లనే అడుగుతరు." ఆగాడు. "వేరేటోళ్లకు తెలిసినా గట్లనే అడుగుతరు."

"యూనిఫాం ఉంటదని చెప్పినవ్ కద చిన్నాయనా," అంది స్వరూప.

ఆయన తన ఫోను తీసి, ఆ పెద్ద అధికారికి చేశాడు. చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. అవతల మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు.

దీవి నుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఆడమనిషి గొంతు, డారెల్ వాళ్లమ్మది కావచ్చు, ఎవరితోనో మెల్లగా, బతిమాలుతున్నట్టు. తర్వాత ఒక కుర్ర గొంతు. డారెల్. ఇక్కడ ఎవరికీ ఆ భాష తెలియదు, అక్కడ ఇంగ్లిషుతోనే నెట్టుకొచ్చిన అమరేందర్‌కు కూడా. కానీ వాడు వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడని అందరికీ అర్థమైంది.

"వాణ్ని పక్కకు జరుపుతున్నరు," అన్నాడు ఎల్లేష్. "స్వరూపా, జల్ది చెప్పు. మామ పంపినోళ్లే అయితే నేనే పోయి తలుపు తీస్త. కాకుంటే వెనక కిటికీ ఉంది. దూకితే సముద్రం దిక్కు. తియ్యాల్నా, దూకాల్నా?"

ఇంట్లో ఉన్న ముగ్గురూ ఆమె వైపే చూశారు. ఎల్లేష్‌ను ఈ దారికి తెచ్చింది ఆమె మాటే. ఇప్పుడు ఇంకో మాట కావాలి. అమరేందర్ చేతిలోని ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"దూకు," అంది స్వరూప.

అవతలి నుంచి జవాబు రాలేదు. అతను విన్నాడో లేదో తెలియదు. ఏదో బరువైనది కింద పడిన చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత, ఫోనుకు చాలా దగ్గరగా, ఆమె ఎన్నడూ వినని ఒక మగగొంతు తెలుగులో అడిగింది.

"ఎవలమ్మా మాట్లాడుతున్నది?"